కందిగింజంత ఎర

మా మావయ్య కాలువ మీద లస్కరు. గోదావరి జిల్లాల వాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. కాలువ గట్టు వెంబడి తిరుగుతూ ఎక్కడైనా గండి పడేలా ఉందేమో చూసుకోవడం, గేజీ మీద నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రాసుకోవడం, పైనుంచి కబురు రాగానే షట్టర్లు ఇన్ని అంగుళాలు ఎత్తడమో దించడమో చెయ్యడం, ఇదీ ఆ ఉద్యోగం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ దొర పుణ్యమా అని డెల్టా అంతా కాలువలు పారాయి కదా, అలాంటి ఓ కాలువ కొమ్మ మీద చిన్న లాకు, అంటే నీళ్లని ఆపి వదిలే తలుపుల కట్టడం, మా మావయ్యది. లొల్ల లాకుల్లా జనం చూడ్డానికి వచ్చే చోటు కాదు. లాకు పక్కన పెంకుటిల్లు, ఇంటి ముందు నేరేడు చెట్టు, వెనకాల నాలుగు కొబ్బరి చెట్లు. వేసవి సెలవులు ఇచ్చారంటే అమ్మ నన్ను బస్సెక్కించేసేది.

దాళ్వా, అంటే రబీ వరి, కోతలయ్యేసరికి కాలువలు కట్టేస్తారు. మళ్లీ సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, నీళ్లు వదిలేదాకా కాలువంతా బురదే. పిల్లలం ఆ బురదలో పడి జెల్లలూ, ఇంగిలాయిలూ, బొమ్మిడాయిలూ చేత్తో పట్టేవాళ్లం. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుని రాత్రంతా ఏడ్చినవాళ్లు మా జట్టులో చాలామందే ఉన్నారు. లాకు దిగువన మాత్రం నీళ్లు ఎండేవి కావు. ఏళ్ల తరబడి షట్టర్ల కిందనుంచి దూకిన నీళ్లు అక్కడ నేలని తొలిచేసి పెద్ద మడుగు చేశాయి. రెండు నిలువుల లోతుంటుందనేవాడు మావయ్య. అడుగున పాతకాలం రాళ్లు, ఎప్పుడో విరిగిపోయిన లాకు తలుపుల చెక్కలు, వాటికి ఇనప మేకులు. వల వేస్తే పీలికలై చేతికొచ్చేది. అందుకే చుట్టుపక్కల కాలువ మొత్తం ఊడ్చినట్టు పట్టేసినా, ఆ మడుగులోకి చేరిన చేపలు బతికిపోయేవి. పైగా 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా వైపు అందరికీ గుర్తే. ఆ వరదకి ఎక్కడెక్కడి చెరువుల గట్లో తెగి పెద్ద పెద్ద చేపలు కాలువల్లో పడ్డాయని రెండు మూడేళ్లపాటు చెప్పుకున్నారు.

నేను చెప్పేది 1988 వేసవి సంగతి. అప్పటికి నాకు పన్నెండేళ్లు.

ఎండలు ముదిరేకొద్దీ మడుగు నీళ్లు పచ్చబడేవి. నాచు పచ్చ కాదు, పెసరకట్టు రంగు. తెల్లవారుజామున నేరేడు చెట్టు కింద నులకమంచం మీద పడుకుని వింటే మడుగులోంచి చప్పుడు వచ్చేది. నిండు కుండలో చెంబు ముంచినప్పుడు వచ్చే చప్పుడు. లేచి వెళ్లి చూస్తే నీళ్ల మీద వెడల్పాటి నోళ్లు పైకి తెరుచుకుని ఉండేవి. ఎండ పైకి వచ్చేసరికి ఒక్కటీ ఉండేది కాదు. “చేపలు తేలుతున్నాయిరా, తెల్లారగట్ల నీళ్లలో గాలి తగ్గిపోద్ది” అనేవాడు మావయ్య. ఆ నోళ్లలో ఒకటి మా అత్తయ్య అన్నం వార్చే గిన్నె మూతంత ఉంది. నేను కళ్లారా చూశాను. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

అంత నోరున్న చేపకి ఎంత ఎర వెయ్యాలి? నాకు తెలిసిన లెక్క ఒక్కటే. పెద్ద చేపకి పెద్ద ఎర. ఆ లెక్క నేను ఊహించుకున్నది కాదు, చూసి నేర్చుకున్నదే. చెరువు గట్ల మీద కొర్రమీనుకి గాలం వేసేవాళ్లు బతికున్న కప్పపిల్లని గుచ్చి తూటికాడల పక్కన టపటపలాడించేవాళ్లు. కొర్రమీను దాని మీదకి ఉరికేది. కాబట్టి నేను కూడా పరిగె పిల్లల్ని గుచ్చాను. రొయ్యని పెంకుతో సహా గుచ్చాను. నాలుగు వానపాముల్ని కలిపి ముడేసి వేశాను. చివరికి అత్తయ్య పెట్టిన ఇడ్లీలో సగం గుచ్చితే అది నీళ్లు తగలగానే విడిపోయింది. వారం రోజుల్లో ఒక తాబేలు, ఒక మలుగుపాము పడ్డాయి. ఆ నోరు మాత్రం రోజూ తెల్లారగట్ల అక్కడే, నా ఎరకి జానెడు దూరంలోనే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేది.

మావయ్య ఇదంతా చూస్తూ ఏమీ అనలేదు. ఆయన పద్ధతే అంత, అడిగితే తప్ప చెప్పడు. ఎనిమిదో రోజు సాయంత్రం నేనే వెళ్లి అడిగాను.

“మావయ్యా, అది ఎందుకు తినట్లేదు?”

“నువ్వు పెట్టేది దాని తిండి కాదురా అల్లుడూ.”

“పెద్ద చేప కదా, పెద్ద ఎర కావాలి కదా?”

“కొర్రమీనుకైతే నువ్వన్నది రైటే. అది వేటకెళ్లే చేప. వాలుగ కూడా అంతే. ఇది బొచ్చె. ఇది వేటకెళ్లదు. మేత తాగుద్ది.”

మేత తాగడం అన్న మాట నాకు అర్థం కాలేదు. రేపు చూపిస్తానన్నాడు.

ఆ రాత్రి ఆయన ఎర తయారు చెయ్యడం మొదటిసారి దగ్గర కూర్చుని చూశాను. ముందు నోట్లో చుట్ట పక్కన పెట్టి, మెట్లు దిగి మడుగులో బురద తీసుకుని రెండు చేతులూ మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాడు. పొగాకు వాసన తగిలితే చేప రాదట. అత్తయ్య జల్లించి ఇచ్చిన తవుడుని పొయ్యి మీద మూకుడులో దోరగా వేయించాడు. ఇల్లంతా కమ్మటి వాసన. అందులో దంచిన తెలగపిండి గుప్పెడు, గోధుమపిండి రెండు గుప్పెళ్లు కలిపాడు. తడపడానికి నీళ్లు వాడలేదు. అటక కింద కుండలో అత్తయ్య పెట్టుకున్న తరవాణి, అంటే పులిసిన గంజి, ముంచుకొచ్చాడు. “పొద్దున్నే పిల్లాడికి అన్నంలోకి ఉంచానండీ అది” అని అత్తయ్య వంటింట్లోంచి అరిచింది. అప్పటికే సగం అయిపోయింది. తర్వాత దేవుడి గూట్లో ఒత్తులకని దాచిన పత్తిలోంచి చిటికెడు లాగి, పోగులు విడదీసి పిండిలో కలిపాడు. ఆ పత్తి పోగులే గాలానికి పిండిని పట్టి ఉంచుతాయి. లేకపోతే నా ఇడ్లీకి పట్టిన గతే. పిండి చెవి తమ్మెంత మెత్తగా వచ్చేదాకా పిసికి, అరటాకులో చుట్టి పెట్టాడు. మిగిలిన తవుడూ తెలగపిండీ విడిగా ముద్ద చేశాడు. అది గాలానికి కాదు, నీళ్లలో చల్లడానికి.

మర్నాడు నాలుగున్నరకే లేపాడు. చీకటి ఇంకా పోలేదు. కొబ్బరి చెట్ల మీద కోయిల మాత్రం మొదలెట్టేసింది. మడుగు దగ్గరకి వెళ్లి ముందు చల్లే ముద్దలోంచి కొంచెం కొంచెం తుంపి ఒకే చోట వేశాడు. అవి నీళ్లలో పడగానే విడిపోయి లేత గోధుమరంగు మబ్బులా పరుచుకున్నాయి. తర్వాత తలపాగాలోంచి గాలం తీశాడు. నేను నమ్మలేకపోయాను. మేము జెల్లలకి వేసే గాలం అది. నా చిటికెన వేలి గోరంత ఉంటుంది. అరటాకు విప్పి పిండి గిల్లి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి, గాలం మొన మీద పెట్టి నొక్కాడు. కందిగింజంత. అంతకన్నా ఒక్క పిసరు ఎక్కువ లేదు. గాలం వంపు సగం బయటికి కనిపిస్తూనే ఉంది.

నీళ్ల మీద తేలే బెండుకీ గాలానికీ మధ్య మూరెడు దారమే ఉంచాడు. బొచ్చె పైపైన తిరిగే చేప, శీలావతికైతే నీళ్లలో సగం లోతుకి దించాలి, మోసుకైతే అడుగుకి ఆనించాలి అని గుసగుసగా చెప్పాడు. సీసపు గుండు కట్టలేదు. ఆ పిండి కూడా తవుడు మబ్బులాగే తేలుతూ నెమ్మదిగా దిగాలి. వెదురు గాలపు కర్ర పన్నెండు అడుగులుంటుంది. రీలూ గీలూ ఏమీ లేదు, దారం నేరుగా కర్ర చివరికే కట్టాడు.

మొదటి రోజు ఏమీ పడలేదు. రెండో రోజు రెండు పరిగెలు పిండి కొట్టేశాయి. నాకు టెన్షన్. మావయ్యకి ఏమీ లేదు. రెండు రోజులూ అదే చోట, అదే టైముకి, అంతే తవుడు చల్లాడు. “దానికి అలవాటవ్వాలిరా. మనం దాని ఇంటికి వెళ్లాం, అది మన ఇంటికి రాలేదు.”

మూడో రోజు చీకటి విడుతుండగా ఆ చప్పుడు తవుడు చల్లిన చోటే వినిపించింది. చెంబు ముంచిన చప్పుడు. ఆ నోరు పైకి వచ్చింది, మూసుకుంది, కిందకి పోయింది. మళ్లీ ఇంకో మూరెడు ఇవతల వచ్చింది. అది ఎరల కోసం వెతకట్లేదు. మబ్బు మొత్తాన్ని నోట్లోకి లాక్కుంటోంది. నీళ్లు లోపలికి పోయి, చెంపల పక్కనుంచి బయటికి వచ్చేస్తున్నాయి. నాకప్పుడు తెలిసింది మేత తాగడం అంటే ఏమిటో. మావయ్య మోకాలి మీద చెయ్యి వేసి నన్ను కదలనివ్వలేదు.

బెండు మునుగుతుందని నేను చూస్తున్నాను. మునగలేదు. నిలబడి ఉన్న బెండు పక్కకి వాలింది. నీళ్ల మీద పడుకుంది. అంతే. గాలిదెబ్బకి వాలిందనుకుంటాం ఎవరమైనా. కింద ఉన్న గాలం బరువుని ఎవరో పైకి ఎత్తితేనే బెండు అలా పడుకుంటుందని మావయ్యకి తెలుసు. గుంజలేదు. మణికట్టు ఒక్కసారి, తలుపు గొళ్లెం తీసినంత తేలిగ్గా ఎత్తాడు.

మడుగు సగం లేచినట్టయింది. వెదురు విల్లులా వంగింది. నేను కేక పెట్టాను. ఆ తర్వాత మావయ్య చేసిన పని ఈ రోజుకీ నా కళ్ల ముందే ఉంది. కర్రని చేతిలోంచి వదిలేశాడు.

నేను ఏడుపు అందుకున్నాను. “ఆగరా” అన్నాడు. కర్ర నీళ్ల మీద పడి సరసరా పాకింది. మడుగు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. చివర మునిగి, మళ్లీ తేలి, గిరగిరా తిరిగింది. చేప లోపలికి లాగుతుంటే వెదురు పైకి లాగుతోంది. తెగేంత గట్టిగా దారాన్ని పట్టుకునేవాడెవడూ లేడు. కర్ర చేప వెనకాలే పోతోంది, చేపని అలవనిస్తోంది. అంత చిన్న గాలం, అంత సన్నటి దారం ఎలా ఆగాయో నాకు పెద్దయ్యాక గానీ బుర్రకి ఎక్కలేదు. బొచ్చెకి దవడల్లో పళ్లుండవు, దారం కొరికే పని లేదు. పళ్లున్నా గొంతులోనే. కింది పెదవి దళసరిగా, రబ్బరులా ఉంటుంది, చిన్న గాలం అందులో దిగితే ఊడదు.

అరగంటకి కర్ర పాకడం తగ్గింది. ముప్పావుగంటకి ఆగింది. మావయ్య లుంగీ ఎగ్గట్టి నడుం లోతు నీళ్లలోకి దిగి కర్ర అందుకున్నాడు. చేప ఒక్కసారి పక్కకి తిరిగింది, వెండి పళ్లెం తిప్పినట్టు. తువ్వాలు చుట్టిన చెయ్యి మొప్ప కిందకి పోనిచ్చి గట్టుకి తెచ్చాడు. గాలం కింది పెదవి మధ్యలో ఉంది. గాలం మీద కందిగింజలో సగం పిండి ఇంకా అంటుకునే ఉంది.

బియ్యం కొట్టు కాటా మీద వేస్తే 11 కిలోల పైన తూగింది. ఊరు ఊరంతా వచ్చింది. అందరూ అడిగింది ఒకటే, “ఏం ఎర వేశావ్?” మావయ్య అరటాకు విప్పి చూపిస్తే ఒక్కరూ నమ్మలేదు.

అత్తయ్య కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. పొలుసులు రూపాయి బిళ్ల కన్నా పెద్దవి. ఒకటి కడిగి నా లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను, పదో తరగతి దాకా ఉంది. కడుపు కొయ్యబోతుంటే మావయ్య ఆపి నన్ను దగ్గరకి పిలిచాడు. పేగు తీసి కడిగిన అరుగు మీద చాపుతూ వెళ్లాడు. చాపుతుంటే వస్తూనే ఉంది. చేప పొడుగుకి ఎన్ని రెట్లో. బ్లేడుతో ఒకచోట చీరాడు. లోపల ఆకుపచ్చా నలుపూ కలిసిన మెత్తటి గుజ్జు, గోరింటాకు రుబ్బినట్టు. అక్కడక్కడా మా తవుడు. చేప లేదు, రొయ్య లేదు, పురుగు కూడా కంటికి కనిపించేది ఒక్కటి లేదు.

“ఇంత ఒళ్లు దేంతో పెరిగిందో చూశావా?” అన్నాడు. తర్వాత చెంప రేకు ఎత్తి మొప్ప చూపించాడు. ఎర్రటి మొప్ప లోపలి అంచున పేల దువ్వెన పళ్లలా సన్నగా, ఒత్తుగా, వరసలు వరసలు. నీళ్లు ఆ దువ్వెనలోంచి బయటికి పోతాయి, మేత లోపల ఆగిపోతుంది. నేను వేలు పెట్టి మీటాను. ఆ గరుకు నా వేలికి ఇప్పటికీ తెలుసు.

పులుసు సంగతి చెప్పకపోతే అత్తయ్య ఊరుకోదు. మామిడికాయల రోజులు కదా, చింతపండు తగ్గించి పుల్ల మామిడి ముక్కలు వేసి మట్టి దాకలో పెట్టింది. తల విడిగా వండింది. ఏడిళ్లకి గిన్నెలు మోసింది నేనే. ఆ రోజు మాకు రెండు ముక్కలే వడ్డించి, మిగతాది మూత పెట్టేసింది. చేపల పులుసు మర్నాటికే రుచని ఆవిడ పట్టుదల. ఆ పట్టుదల సరైనదే.

ఆ తర్వాత చాలా సెలవులు ఆ మడుగు దగ్గరే గడిపాను. చేటంత మోసుని ఒకే ఒక్క అన్నం మెతుక్కి పట్టాడు మావయ్య. జెల్లల కోసం వేసిన వానపాము ముక్కకి మూడు కిలోల వాలుగ పడింది ఓసారి. వేటకెళ్లే చేపలు కూడా సులువుగా దొరికిన చిన్న ముక్కని కాదనవని అప్పుడు తెలిసింది. కానీ వాలుగకి నోటినిండా పళ్లు, నాలుగోసారి పడ్డ వాలుగ దారం తెంపుకుని పోయింది. నాకు మాత్రం శీలావతి అంటే ప్రాణం. దాని పెదవి అంచు చీర కుచ్చులా ముడతలు ముడతలుగా ఉంటుంది. రాళ్లకి పట్టిన పాకుడుని ఆ కుచ్చుతో ఎంత సుతారంగా గీరుకుంటుందో చూస్తే, దానికి నిమ్మకాయంత ముద్ద పెట్టాలని ఎవరికీ అనిపించదు.

బ్యాంకులో చేరాక చేపల చెరువుల లోన్ల పని మీద కైకలూరు, ఆకివీడు వైపు చాలా తిరిగాను. మొదటిసారి ఓ పెద్ద చెరువు దగ్గర పడవెక్కినప్పుడు నీళ్లలో వరసగా గెడలు, గెడలకి కట్టిన ప్లాస్టిక్ సంచులు కనిపించాయి. సంచుల నిండా తవుడు, నూనె తీసిన చెక్క. సంచికి కింద చిన్న చిన్న చిల్లులు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుంటున్నాయి. లారీలకి లారీలు కలకత్తా వెళ్లే చేపలు, కిలోలకి కిలోలు తూగే చేపలు, అన్నీ సూదిబెజ్జం లాంటి చిల్లుల్లోంచి తిని పెరిగినవే. బొచ్చె పైన, శీలావతి మధ్యన, మోసు అడుగున మేస్తాయి కాబట్టి మూడింటినీ ఒకే చెరువులో వేస్తారని అక్కడి రైతు నాకు వివరంగా చెప్తున్నాడు. నేను వింటూ నుంచున్నాను. నాకు తెలుసని చెప్పబుద్ధి కాలేదు. వేయించిన తవుడు వాసన వస్తోంది ఆ పడవలో. ఆ సాయంత్రం బూత్ నుంచి మావయ్యకి ఫోన్ చేశాను. సంచుల సంగతి విని చాలాసేపు నవ్వాడు. “చిల్లు ఎంతుంటుంది?” అని రెండుసార్లు అడిగాడు.

మావయ్య రిటైరయ్యాక ఆ ఊళ్లోనే, కాలువకి దగ్గర్లోనే ఇల్లు కట్టుకున్నాడు. 2011 వేసవిలో మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. లాకుకి పాత చెక్క తలుపులు లేవు, ఇనప షట్టర్లు. మడుగు సగం గుర్రపుడెక్క కప్పేసింది. మావయ్యకి రెండు కళ్లకీ ఆపరేషన్ అయినా చూపు సరిగ్గా ఆనడం లేదు. చేతులు వణుకు. అయినా మా వాడు గాలం అనేసరికి లేచి కూర్చున్నాడు. అత్తయ్య తవుడు వేయించింది. తరవాణి పెట్టడం ఎప్పుడో మానేసిందట, పుల్ల మజ్జిగతో కలిపాం. పత్తి మాత్రం దేవుడి గూట్లోదే.

నాలుగున్నరకి వెళ్లాం ముగ్గురం. గుర్రపుడెక్క లేని వైపు కూర్చోబెట్టాను ఆయన్ని. పిండి నేనే గిల్లి గాలానికి పెట్టాను. వెయ్యబోతుంటే “ఇలా ఇవ్వు” అని చెయ్యి చాపాడు. గాలం వేళ్ల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని, బొటనవేలితో ఆ పిండిని మెల్లగా తడిమాడు.

“ఇంకా చిన్నది చెయ్యి అల్లుడూ.”

సగం గిల్లేశాను. మళ్లీ చేతికిచ్చాను. మళ్లీ తడిమాడు. మా వాడు ఆయన వేళ్ల వంకే చూస్తున్నాడు.

“ఆఁ. ఇప్పుడు వెయ్యి.”